ఒక పొడుగు స్క్రూ

మా చిన్నాన్న పోయారని ఆదిత్యపూర్ నుంచి పిన్ని ఫోన్ చేసింది. "మీ చిన్నాన్న ఇంక లేడురా" అంది. ఏడుపు కంటే ముందు నాకు ఆయన లాప్‌టాప్ గుర్తొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం.

ఆ పాత ఆఫీసు లాప్‌టాప్‌లు మీరూ చూసే ఉంటారు. నల్లగా, ఇటుకంత బరువు, కీబోర్డు నడుమ ఎర్ర గుండీ. వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసిన చిన్నాన్నకి, కంపెనీలు వాడి వదిలేసిన ఆ సిరీస్ అంటే ప్రాణం. పద్నాలుగు అంగుళాల తెర, ఊడదీసే బ్యాటరీ, కీల మీద నీళ్లు ఒలికితే అడుగునుంచి కారిపోయే కన్నాలు. మా పిల్లల పేర్లయినా తడబడేవారు గానీ ఇవి తడబడేవారు కాదు. కొత్త పల్చటివి చూపిస్తే, "ఇప్పలేనిది మనదెలాగవుద్దిరా?" అనేవారు.

విప్పడానికి ఆయనకో పద్ధతి ఉండేది. పాత క్యాలెండర్ కాగితం వెనక లాప్‌టాప్ అడుగుభాగం బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చేవారు. "పొట్టిదుండే కన్నంలో పొడుగుది దూర్చీసేవంటే బోర్డు పోద్ది" అని పదిసార్లు చెప్పారు. పదిసార్లూ అలవాటైన హిందీలో "హా, సమఝ్ గయా" అన్నాను, అర్థమైపోయినట్టు.

ఆయన ఆసుపత్రిలో ఉండగా చూడ్డానికి వెళ్లి, ఇంటికి తిరిగొచ్చేసరికి ర్యామ్ నాలుగు జీబీ నుంచి ఎనిమిది చేసి పెడతానని మాటిచ్చాను. బొమ్మ గీయలేదు. స్క్రూలన్నీ ఒక గిన్నెలో పోశాను. బిగించేటప్పుడు ఒకటి మొరాయించింది. నేను ఇంకా గట్టిగా తిప్పాను. లాప్‌టాప్ మళ్లీ వెలగలేదు.

మర్నాడు మంచం దగ్గరికి వెళ్లగానే అడిగారు. "ఏటిరా, ఎనిమిది చూపిత్తందా?"

"హా చిన్నాన్నా, మస్త్ చల్ రహా హై," బ్రహ్మాండంగా నడుస్తోందని అబద్ధమాడాను.

ఆయన తృప్తిగా నవ్వి కళ్లు మూసుకున్నారు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు.

కర్మకాండ అయ్యాక పిన్ని ఆ లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, ఒకసారి ఆన్ చెయ్యమంది. జరిగినదంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

"ఆయనకెందుకు సెప్పలేదురా?" అంది. "పది రోజులు గోడకేసి సూత్తా పడున్నాడు. పాడైపోనాదని సెప్పుంటే, ఇలా తేరా అని మంచమ్మీదే కూకుని ఇప్పీసేవోడు కదా."

పిన్ని చీర చెంగుతో మూత మీది దుమ్ము తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ తుడుస్తూ కూర్చుంది.