నాగూర్ బీ బావికి సోడా కొట్టారు

బందరులో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. మా సందులో నాగూర్ బీ పిన్ని పెరటి బావి ఒక్కటే తీపి. ఎంత తీపంటే, ఆ నీళ్ళతో కాఫీ పెట్టుకుంటే నెలాఖరుకి పంచదార మిగిలిపోయేది. నమ్మకపోతే మానెయ్యండి. నేను ఇంటరు మధ్యలో వదిలేసింది చదువు రాక కాదు, నా ప్రశ్నలకి కాలేజీలో ఎవరికీ జవాబులు రాక.

పిన్ని ఆ నీళ్ళతో గోళీసోడాలు చేసి బండి మీద అమ్మేది. భర్త పోయాక ఇల్లు నడిచింది ఆ సీసాలతోనే. గేటుకి గడియ ఉండేది గానీ ఏనాడూ వేసిన పాపాన పోలేదు. బిందె పట్టుకొచ్చిన వాళ్ళెవరైనా తోడుకుపోవడమే.

తొంభై తొమ్మిది ఎండాకాలంలో ఒకరోజు ఎదురింటి తాతారావు మావయ్య ఆ సోడా తాగి త్రేన్చాడు. పక్కనున్న వాడి నోట్లో బీడీ దానంతటదే భగ్గుమంది. సరే, భగ్గుమనలేదు. భగ్గుమంటుందేమోనని వాడు బీడీ ఉమ్మేసి పరిగెత్తిన మాట మాత్రం నిజం. సీసా వాసన చూస్తే పెట్రోలు. బావిలోకి చూస్తే నీళ్ళ మీద నెమలి రంగుల తెట్టు.

ఆ రోజుల్లో డెల్టాలో పొలాల మధ్య చమురు కోసం గొట్టాలు దించుతుండేవాళ్ళు. దాంతో మా వాళ్ళందరికీ ఒకటే తోచింది. నాగూర్ బీ బావిలో చమురు పడింది! సాయంత్రానికల్లా తాతారావు మావయ్య తన పెరట్లోనూ గునపం దించాడు. నేను పిన్ని దగ్గరికెళ్ళి, కారు కొంటే డ్రైవరుగా నన్నే పెట్టుకోమని ముందే మాట తీసుకోబోయాను. ఆవిడ బావి గట్టు మీద కూర్చుని ఒకటే అడిగింది.

"చమురు పడితే పడనీ నాయనా. మంచినీళ్ళు ఎటు పోయాయి?"



చమురు వెతికేవాళ్ళు వచ్చి చూసి, భూమిలోంచి వచ్చే ముడిచమురు ఇలా ఉండదని నవ్వుకుంటూ పోయారు. అసలు సంగతి సందు మొదట్లో మూతపడ్డ పెట్రోలు బంకులో ఉంది. బంకు ఎత్తేశారు గానీ భూమిలో ట్యాంకు అలాగే వదిలేశారు. అది తుప్పు పట్టి, అడుగున మిగిలిన పెట్రోలు ఇసకలోకి కారి, మెల్లగా బావిదాకా నడిచొచ్చింది.

బంకు కంపెనీ తరఫున కాంతారావుగారనే ఆఫీసరు, గుడివాడ నుంచి ఝాన్సీలక్ష్మి అనే ఇంజనీరు వచ్చారు. బావి పూడ్చేసి కుళాయి వేయిస్తామన్నారు కాంతారావుగారు. పిన్ని గట్టు దిగలేదు.

"జబ్బు చేస్తే మందు వేస్తారా, పూడ్చిపెడతారా బాబూ?"

ఆయన ఝాన్సీలక్ష్మి వైపు చూశారు. ఆవిడ పిన్ని పక్కనే కూర్చుని వివరంగా చెప్పింది. ఇక్కడ అడుగున ఉన్నది ఉప్పునీరు. దాని మీద పల్చటి పొరలా తీపినీరు తేలుతోంది. ఆ తీపినీటి మీద పెట్రోలు తేలుతోంది. మోటారు పెట్టి గట్టిగా తోడితే కిందనుంచి ఉప్పు ఎగదన్నుతుంది. అందుకని ముందు ట్యాంకు పెకలించి, పైతెట్టు మెల్లగా తీసేసి, తర్వాత గొట్టాలు దించి నీళ్ళలోకి గాలి కొడతారట. బుడగలతో పాటు పెట్రోలు ఆవిరై పైకొస్తుంది, దాన్ని ఇంకో గొట్టంతో లాగి, పెట్రోలుని పట్టేసుకునే బొగ్గులోంచి పంపుతారు. ఏళ్ళు పట్టొచ్చు, అసలు బాగుపడకపోనూ వచ్చు. అందాకా ఒక్క చుక్క ముట్టకూడదు.

పిన్ని బావిలోకి తొంగి చూసింది. "అంటే నా బావికి సోడా కొడతారన్నమాట."

"అంతేనండీ," అంది ఝాన్సీలక్ష్మి. "గోళీ ఒక్కటే ఉండదు."

ఏనుగంత ట్యాంకు జల్లెడలా చిల్లులు పడి బయటికొచ్చింది. గాలి యంత్రం మొదలెట్టిన రోజు సందు సందంతా బావి చుట్టూ మూగింది. నీళ్ళు సన్నగా ఒణికాయి. తర్వాత అడుగునుంచి బుడగలు లేచాయి, ముత్యాలు చల్లినట్టు, ఆగకుండా. కాళ్ళ కింద ఇంత లోకం ఉందని, దానికి ఊపిరి పోయొచ్చని నాకు అప్పటిదాకా తెలీదు. గొప్పలు చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు.

పిన్ని మొదటిసారి గేటుకి గడియ పెట్టింది. బిందెలతో వచ్చినవాళ్ళని తనే వెనక్కి పంపేది, పంపిన ప్రతిసారీ మొహం చిన్నబుచ్చుకునేది. సోడాబండి మీద ఉడికించిన వేరుశనక్కాయలు అమ్మింది. సీసాలు మాత్రం శుక్రవారం శుక్రవారం కడిగి బోర్లించేది. అమ్మేయరాదా పిన్నీ అంటే, సోడా ఎందులో పొయ్యమంటావు నాయనా అనేది.

మూడో వానాకాలం వెళ్ళాక నీళ్ళు బాగున్నాయని పరీక్షల్లో తేలింది. నమ్మకం కోసం ఇంకో రెండు విడతలు చేయించారు. అవీ బాగానే వచ్చాయి. పిన్ని గడియ తీసింది. సందులోంచి ఒక్క బిందె కదల్లేదు. మూడేళ్ళు పెట్రోలు వాసన చూసిన ముక్కులకి కాగితాలు ఏం చెబుతాయి?

ఆవిడ ఎవర్నీ బతిమాలలేదు. అందరూ చూస్తుండగా ఒక చేద తోడి, సీసా నింపి, గ్యాసు పట్టింది. బొటనవేలితో గోళీ నొక్కగానే కీచుమంది. గ్లాసులోకి వంచి, నిమ్మకాయ పిండి, చిటికెడు ఉప్పేసి గటగటా తాగేసింది. మేం మెడలు చాచి నిలబడ్డాం. పరీక్ష కాగితాలు పట్టుకొచ్చిన ఝాన్సీలక్ష్మి కూడా. పెద్ద త్రేన్పు వచ్చింది. అందరి ముక్కులూ ఒకేసారి ఎగబీల్చాయి. నిమ్మకాయ వాసన, అంతే.

పిన్ని పెదాలు తుడుచుకుని, తృప్తి లేనట్టు తలాడించింది.

"ఉప్పు తక్కువైంది."

బందరు నేల మీద నిలబడి నీళ్ళలో ఉప్పు తక్కువైందన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఝాన్సీలక్ష్మి రెండో సీసాకి చెయ్యి చాపింది. తాతారావు మావయ్య అప్పటికే బిందె కోసం ఇంట్లోకి పరిగెత్తాడు.