సూర్యకళ వెబ్‌సైటు గృహప్రవేశం

కడియపులంకలో సూర్యకళ గారి గురించి ఎవరినడిగినా ముందు చెప్పే మాట ఒక్కటే: వచ్చిన మనిషిని తినకుండా పంపదు. మొక్కల కోసం వచ్చిన లారీ డ్రైవరు కావచ్చు, మీటరు చూడ్డానికి వచ్చిన కరెంటు మనిషి కావచ్చు, గుమ్మంలో కాసేపు నిలబడితే చేతికి పళ్లెం వచ్చేస్తుంది. వద్దంటే ఆవిడకి కోపం. ఇప్పుడే తిన్నానంటే ఇంకా కోపం. ఈ గుణమే ఆవిణ్ణి ఒకసారి నట్టేట ముంచబోయింది, మళ్లీ అదే ఒడ్డున పడేసింది కూడా.

పెళ్లై వచ్చేనాటికి ఆవిడకి తెలిసిన సేద్యమల్లా తులసికోటలో నీళ్లు పోయడమే. భర్త అప్పాజీ తన నర్సరీలో అంటు కడుతుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. నేర్చుకుని ఊరుకుందా? పొద్దున్నే ఒక మందారం పుప్పొడి తెచ్చి ఇంకో మందారానికి అద్దేది. కాసిన గింజలు నాటి, ఏం పూస్తుందోనని నెలల తరబడి కాపలా కాసేది. ముప్పాతిక మొక్కలు ఎందుకూ పనికొచ్చేవి కావు. చివరికి ఒకటి పూసింది. అరచెయ్యంత పసుపుపచ్చ పువ్వు, నడుమ ఎర్రటి బొట్టు. కోడలు ఆ మొక్క ముందు చతికిలబడి ఏడ్చిందని అత్తగారు అచ్చాయమ్మ ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వుతుంది.

ఆ మందారానికి సూర్యకళ తన పేరే పెట్టుకుంది. కానీ పేరు నర్సరీ గేటు దాటితే కదా! దళారులు మొక్కలు ఎత్తుకెళ్లి నోటికొచ్చిన పేరుతో అమ్ముకునేవారు. హైదరాబాదులో ఒక దుకాణంలో తన మందారానికే ‘ఫారిన్ వెరైటీ’ అని చీటీ కట్టి ఉండటం చూసి ఆవిడకి ఒళ్లు మండిపోయింది.

“నా పెరట్లో పుట్టిన పిల్లకి ఇంకెవరి ఇంటిపేరో తగిలిస్తారా? వెబ్‌సైటు పెట్టేద్దామండీ,” అంది ఇంటికి రాగానే. అదేంటో ఆవిడకి తెలియదు. తెలియకపోవడం ఆవిణ్ణి ఎప్పుడు ఆపింది గనక!

పక్క వీధిలో ప్రిస్కిల్లా ఉంది. వారమంతా కాలేజీలో కంప్యూటర్లు చెబుతుంది, ఆదివారం లూథరన్ చర్చిలో పాటలు నేర్పుతుంది. రెండింటికీ కావలసింది ఓపికే కాబట్టి, ఈ పనికి ఆవిడే సరిపోయింది.

“ముందు డొమైన్ కొనాలండి. అంటే మీ సైటు పేరు. లోకం మొత్తంలో ఒక పేరు ఒక్కరికే ఇస్తారు,” అంది ప్రిస్కిల్లా.

నర్సరీ పేరే పెట్టమన్నాడు అప్పాజీ. ఆయన నర్సరీ అన్నవరం స్వామివారి పేరు మీద ఉంది. ఈ చుట్టుపక్కల సగం నర్సరీలు ఆ స్వామి పేరు మీదే ఉన్నాయి. ప్రిస్కిల్లా వెతికితే ఎవరో ఎప్పుడో తీసేసుకున్నారు.

“సత్యనారాయణస్వామి పేరు ఎవళ్లో కొనేసుకోవడమేంటే, విడ్డూరం కాకపోతే!” అని అచ్చాయమ్మ బుగ్గలు నొక్కుకుంది. చివరికి ‘సూర్యకళ మందారం డాట్ ఇన్’ ఖాళీగా దొరికింది. అప్పాజీ మూతి ముడుచుకున్నాడు గానీ పాపం ఏం చేస్తాడు.

“పేరు వచ్చింది కదా, ఇంక అయిపోయినట్టేనా?”

“ఇంకా హోస్టింగ్ తీసుకోవాలండి. మీ ఫొటోలూ రాతలూ పెట్టుకోడానికి చోటు. ఆ చోటు సర్వర్‌లో ఉంటుంది. సర్వరంటే రాత్రీ పగలూ ఆపకుండా నడిచే పెద్ద కంప్యూటరు. ఎవరు ఎక్కణ్ణించి మీ పేరు కొట్టినా, అది తీసి వాళ్లకి చూపిస్తుంది.”

“మనది కాదా అది?”

“కాదండి. ఏడాదికోసారి కట్టుకుంటూ వాడుకోవడమే. పేరుకీ అంతే.”

“అదే, కౌలన్నమాట! ఇంత తిప్పి చెప్పాలా?” అంది సూర్యకళ. కౌలంటే ఈ గడ్డమీద పుట్టినవాళ్లకి పాఠం చెప్పక్కర్లేదు.

అన్నిటికన్నా చిన్న ప్లాను తీసుకున్నారు. ఒకే సర్వర్‌ని బోలెడుమంది పంచుకుంటారు గనక అది షేర్డ్ హోస్టింగ్ అనీ, దానికి బ్యాండ్‌విడ్త్ తక్కువనీ ప్రిస్కిల్లా ముందే చెప్పింది. “కాలవ తూములాంటిదండి. ఒకసారికి పారేది ఇంతే. అందుకే ఫొటోలు బరువు తగ్గించి అప్‌లోడ్ చేశాను.”

“తగ్గించారా?” సూర్యకళ నొచ్చుకుంది. “బుల్లి ఫొటోలు పెడితే పువ్వులు బుల్లివనుకోరూ? అసలువే పెట్టండి.” ప్రిస్కిల్లా రెండు మాటలు వాదించి, మూడోదానికి పళ్లెం చేతికొచ్చేసరికి ఓడిపోయింది.

అంతలో విశాఖ నుంచి ఫోను. రెబెక్కా అనే ఆవిడ, కొత్త పార్కుకి మొక్కలు ఎంపిక చేసే మేనేజరు. “గురువారం పదింటికి మీటింగండి. నర్సరీల సైట్లు అక్కడే అందరం చూసి తేలుస్తాం. మీదీ సిద్ధంగా ఉంచండి,” అంది. సూర్యకళకి కాళ్లు నేలమీద ఆనలేదు. పార్కంటే ఎన్ని వేలమంది చూస్తారు! మొక్క తన పేరుతో బతకడానికి అంతకన్నా మంచి చోటేది?

ఇక్కడే ఆవిడ గోదావరి బుర్ర పనిచేసింది. పెళ్లిచూపులకి మగపెళ్లివారు వచ్చే వేళ ఇల్లు బోసిగా ఉంటే ఏం మర్యాద? ఇంటినిండా జనం కళకళలాడాలి. అందుకని అదే గురువారం, అదే పదింటికి వెబ్‌సైటుకి గృహప్రవేశం పెట్టేసింది! ఊళ్లో గడపగడపకీ వెళ్లి బొట్టు పెట్టి పిలిచింది. “పదయ్యేసరికి అందరూ ఫోన్లు తెరిచి మా సైటులో అడుగు పెట్టాలండీ, మరిచిపోకండి.” ఈ సంగతి ప్రిస్కిల్లాకి మాత్రం చెప్పలేదు. ఆశ్చర్యపరుద్దామని.

గురువారం నర్సరీ ముందు షామియానా లేచింది. అచ్చాయమ్మ పాలు పొంగించింది. ఊరికి ఊరు ఫోన్లు పట్టుకుని కూర్చుంది. ప్రిస్కిల్లా గేటు దగ్గరే ఆ జనాన్ని చూసి, “అయ్యో దేవా!” అని గుండెమీద చెయ్యి వేసుకుంది. అప్పటికే పదైంది. అందరూ ఒక్కసారిగా నొక్కారు.

ఫోను తెర తెల్లగా వచ్చింది. అందరికీ తెల్లగానే వచ్చింది. మనవాళ్లు అసలే మర్యాదస్తులాయె, తెరుచుకోలేదని ఊరుకుంటే పిలిచినావిడ బాధపడుతుందని మళ్లీ నొక్కారు. మళ్లీ మళ్లీ నొక్కారు.

సూర్యకళ ఫోను మోగింది. “మీ సైటు ఓపెన్ అవట్లేదండి,” అంది రెబెక్కా. “ఇంకో రెండు నర్సరీలు చూశాక మళ్లీ ప్రయత్నిస్తాం. అప్పటికీ రాకపోతే వదిలేయాల్సిందేనండి.”

ప్రిస్కిల్లా పరుగెత్తుకొచ్చింది. “సర్వర్ మీద అందరూ ఒకేసారి పడ్డారండి. నొక్కినప్పుడల్లా ఆ పెద్ద ఫొటోలన్నీ మళ్లీ మొదటినుంచీ అడుగుతున్నట్టే. పెద్ద ప్లానుకి మార్చేసరికి మధ్యాహ్నమైపోతుంది. వీళ్లందరినీ సైటులోంచి బయటికి పొమ్మనండి, అదొక్కటే దారి.”

పొమ్మనాలా? బొట్టు పెట్టి పిలిచి? సూర్యకళ మైకు అందుకుంది. “అందరికీ నమస్కారమండీ...” అంది. ముందు వరసలో అత్తగారు కూడా కళ్లజోడు సర్దుకుని టకటకా నొక్కేస్తోంది. ఇన్నేళ్లలో ఒక్క మనిషిని పొమ్మనని నోరు, ఇప్పుడు మాత్రం ఎలా తిరుగుతుంది? ఆవిడకి నిజంగానే ఏడుపొచ్చింది. పువ్వు పోతుంది, లేదా పరువు పోతుంది.

వంటల దగ్గర్నుంచి అప్పుడే బూరెల వాసన గుప్పుమంది.

“వడ్డించెయ్యండి!” అని మైకులో ఒక్క కేక పెట్టింది సూర్యకళ. “భోజనాలు ముందు! సైటు తరవాత!”

విస్తళ్లు పడ్డాయి. వేడివేడి బూరె పడింది. నేతిగిన్నె పట్టుకుని ఆవిడే వరసలో పరుగెత్తింది. బూరెకి చిల్లు పెట్టి నెయ్యి పోస్తే, ఆ చేత్తో ఫోను ముట్టుకునే మొనగాడు ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు. ఎడమచేత్తో ముట్టుకోబోయినవాళ్లకి ఆ చేతిలో మంచినీళ్ల గ్లాసు పెట్టింది. అప్పాజీ మోచేత్తో నొక్కబోతుంటే ఇంకో రెండు బూరెలు వేసి, మీద గరిటెడు నెయ్యి ధారగా పోసింది. ఫోన్లన్నీ ఒళ్లల్లో చల్లబడ్డాయి.

“తెరుచుకుందండీ!” అని ప్రిస్కిల్లా చర్చిలో పాటందుకున్నంత గట్టిగా అరిచింది.

ఆ పంక్తి లేవకముందే ఫోను మళ్లీ మోగింది.

“చూశామండి, అందరికీ నచ్చింది,” అంది రెబెక్కా. “ఆ పసుపు మందారాన్ని గేటు నుంచి లోపలిదాకా దారికి రెండు పక్కలా వేస్తాం. మొక్క పేరు రాసి పలకలు పెడతామండి. సైటులో ‘సూర్యకళ మందారం’ అని ఉంది. అదే రాయించమంటారా?”

సూర్యకళ నేతిగిన్నె కింద పెట్టింది. “రాయించండి,” అంది. ఇంకేమనాలో తోచక, “మీరు టిఫిన్ చేశారాండీ?” అని అడిగింది.

అందరూ తిన్నాక అచ్చాయమ్మ కోడల్ని కుర్చీలో కూర్చోబెట్టి, బూరె తుంచి నోట్లో పెట్టి, రెండో చేత్తో ఫోను కళ్ల ముందు పట్టుకుంది. అప్పుడు తెలిసింది, ఊరంతటినీ పిలిచిన మనిషి ఇంతవరకూ తన సైటు తాను చూడనేలేదు. పెద్ద ఫొటో కదా, పైనుంచి కిందకి నెమ్మదిగా దిగింది. ముందు పసుపు, తరవాత ఎర్రబొట్టు, అన్నిటికన్నా కింద పేరు. సూర్యకళ బూరె నములుతూనే ఏడ్చేసింది.

ఈసారి అచ్చాయమ్మ నవ్వలేదు. కొంగుతో తన కళ్లు తానే తుడుచుకుంటోంది.

“ఇప్పుడు నేనూ చూడొచ్చా?” అన్నాడు అప్పాజీ, చేతులు కడుక్కొచ్చి. అతని వెనకాల ఊరు ఊరంతా ఫోన్లు తీసింది.

“ఒక్కొక్కళ్లే రండి!” అని ముక్కు చీదుకుంటూనే కేకేసింది సూర్యకళ. “వరసలో రండి, తోసుకోకండి!”