పూజలో ఉన్న మిషన్

సూరి మారేడ్‌పల్లిలోని ఆఫీసు మెట్లెక్కేసరికి పూజ అయిపోయింది. సర్వరు మెడలో బంతిపూల దండ ఉంది. కీబోర్డుకి, మౌసుకి, తెరకి, ఆఖరికి కరెంటు ప్లగ్గుకి కూడా కుంకుమ బొట్లు పడ్డాయి. దండ కింద చిన్న పచ్చలైటు నిద్రపోయే పిల్లాడి ఊపిరిలా వెలుగుతూ ఆరుతోంది.

"మంచిగున్నది గదా?" అంది శ్యామలమ్మ. కంపెనీ ఆమె కొడుకు తిరుమల్‌ది. కింద ఇల్లు, మేడ మీద కంపెనీ. ఏడాదంతా ఎవరి మాట నడిచినా మహర్నవమి రోజు మేడ మీద నడిచేది శ్యామలమ్మ మాటే.

"బాగుందండి. కాసేపు కూకుంటే నా పని అయిపోద్దమ్మా."

"ఇయ్యాల ముట్టద్దు బిడ్డా. రేపు పొద్దుగాల ఉద్వాసన చెప్తా. గప్పుడు ముట్టు."

సూరి తిరుమల్ వైపు చూశాడు. తిరుమల్ కిటికీ వైపు చూశాడు.

"అమ్మకు నేను చెప్పలేను, లండన్ క్లయింటుకు నువ్వు చెప్పలేవు. జెర ఏమన్న చెయ్యి సూరీ. సాయంత్రం లోపల రిపోర్టు పోవాలె. పోతే నీ కాగితం మీద సంతకం పెడ్త."

ఆ కాగితం కోసమే సూరి ఇన్నాళ్ళూ బోయిగూడలో ఒంటి గదిలో కాలం గడుపుతున్నాడు. అతనిది పలాస దగ్గర ఊరు. అమీర్‌పేటలో సర్వర్లని నడిపే లినక్స్ నేర్చుకుని ఇక్కడ చేరాడు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. పెళ్ళై ఏడాది దాటినా భార్య దేవిక బొబ్బిలిలో పుట్టింట్లోనే ఉంది. చిలకలగూడలో ఒక వాటా చూసి పెట్టాడు గానీ, పర్మనెంటు కాగితం చూపిస్తేనే ఇల్లిస్తానన్నాడు ఇంటాయన.

కంపెనీ కంప్యూటర్లలో ఏ తలుపు తెరిచి ఉందో, ఏ గడియ వదులైందో వెతికి చెప్పే సాఫ్ట్‌వేరు ఆ సర్వరులో ఉంది. లండన్ వాళ్ళు అడిగిన రిపోర్టు అది ఇచ్చేదే. దాని అడ్మిన్ పాస్‌వర్డు పెట్టినవాడు రమణబాబు. అతను ఉద్యోగం మానేసి బెంగళూరు వెళ్ళిపోయాడు. ఫోను చేస్తే గుర్తులేదన్నాడు. చాలా సంతోషంగా అన్నాడు.

దానికి సూరి భయపడలేదు. లినక్స్‌లో రూట్ అంటే ఇంటి యజమాని. బీరువా తాళం పోతే యజమాని ఇంకో తాళం వేయించుకుంటాడు. రూట్ పాస్‌వర్డు సూరికి తెలుసు. ఒక్క కమాండుతో అయిపోయే పని. కానీ ఆ కమాండు కొట్టాలంటే వేలు కీబోర్డుని తాకాలి.

"అమ్మా, ముట్టుకోకుండా దూరంనుంచి చేసుకుంటే?"

"దూరంనుంచి ఎట్ల చేస్తవ్? మంత్రమా?"

"వేరే కంప్యూటర్లోంచి దీన్లోకి వెళ్ళొచ్చండి."

"మన కంప్యూటర్లన్నిటికీ బొట్లు పెట్టిన."

"బయట కంప్యూటరండి. ఇంటర్నెట్ సెంటర్లోది."

శ్యామలమ్మ సర్వరుని కాసేపు చూసింది. "దండ కదలద్దు."

"కదలదండి."

"బొట్టు చెరగద్దు."

"చెరగదండి."

"ఇంక నాకేం తక్లీఫ్? దేవునికి సుత దూరంనుంచే దండం పెడ్తం."

సూరి బయల్దేరాడు. దారిలో కనబడిన ఇంటర్నెట్ సెంటర్లన్నిటిలోనూ కంప్యూటర్లు దండలేసుకుని కూర్చున్నాయి. ఒకచోట యజమాని కొబ్బరిముక్క చేతిలో పెట్టి రేపు రమ్మన్నాడు. చిలకలగూడ సందులో ప్రభుదాస్ సెంటరు ఒక్కటే తెరిచి ఉంది. లోపల ఏ కంప్యూటరుకీ బొట్టు లేదు. గోడ మీద సిలువ ఉంది.

"రా తమ్మీ. నా మిషన్లకు క్రిస్మస్‌కు సుత సెలవు లేదు."

సూరి రూట్‌గా సర్వరులోకి వెళ్ళి కమాండు కొట్టాడు. కొత్త పాస్‌వర్డు అడిగింది. లినక్స్‌లో పాస్‌వర్డు టైపు చేస్తుంటే తెర మీద చుక్క కూడా పడదు. మనసులో మొక్కుకున్నట్టే, వినబడిందో లేదో తెలియదు. మళ్ళీ అడిగితే మళ్ళీ కొట్టాడు. మారిందని చెప్పింది. మారేడ్‌పల్లిలో ఒక్క పువ్వు కూడా కదలలేదు.

కొత్త పాస్‌వర్డుతో మొదలుపెట్టిన తనిఖీ నడిచినంతసేపూ ప్రభుదాస్ టీ తాగిస్తూ ఇంటి అద్దెల గురించి చెప్పాడు. మధ్యాహ్నం దాటాక రిపోర్టు వచ్చింది. అన్నీ బాగున్నాయి. పైన మాత్రం ఎర్ర గీత గీసిన ఒక వాక్యం. ఈ సర్వరులోకి బయటి ప్రపంచం నుంచి ఎవరైనా రూట్‌గా రావచ్చు, ఇది చాలా ప్రమాదం, అని.

సూరి లోపలికి వచ్చింది ఆ తలుపులోంచే.

దాన్ని మూసేయవచ్చు. మూస్తే తనూ బయట ఉండిపోతాడు, మళ్ళీ తనిఖీ చేసి శుభ్రమైన రిపోర్టు తెచ్చుకోలేడు. తిరుమల్‌కి ఫోను చేశాడు.

"ఎర్రది తీసేసి పంపు," అన్నాడు తిరుమల్.

"గంతే తమ్మీ," అన్నాడు ప్రభుదాస్ వెనకనుంచి. "ఒక్క లైను. ఎవడు చూస్తడు?"

"ఎవడూ చూడడనే కదండీ ఈ సాఫ్ట్‌వేరు పెట్టింది," అన్నాడు సూరి. వేలు చెరిపేసే మీట మీదే ఉంది. చిలకలగూడ వాటా అక్కడికి నాలుగిళ్ళ అవతల. దాని వరండాలో ఎవరో బట్టలు ఆరేసుకుంటున్నారు. ఇంకెవరికైనా ఇచ్చేశారేమో అనుకున్నాడు. అనుకుంటూనే రిపోర్టు మొత్తం, ఎర్ర గీతతో సహా, పంపేశాడు. తలుపు రేపు పొద్దున మూస్తామని కింద రాశాడు.

లండన్ నుంచి వెంటనే ఈమెయిలు వచ్చింది. ఈ రోజే ఎందుకు మూయలేరు?

సూరి రాసి చెరిపాడు. మళ్ళీ రాసి చెరిపాడు. చివరికి ఉన్నదే రాశాడు: ఈ రోజు మా దగ్గర పనిముట్లకు విశ్రాంతి, ముట్టుకోము.

ప్రభుదాస్ ఇంకో టీ పోశాడు. తర్వాత, సరే, రేపు, అని వచ్చింది.

మర్నాడు శ్యామలమ్మ ఉద్వాసన చెప్పి, సర్వరు మీద అక్షింతలు చల్లింది. మిగిలినవి సూరి నెత్తిన వేసింది. అతను కూర్చుని తలుపు మూసి, మళ్ళీ తనిఖీ చేసి, ఎర్ర గీత లేని రిపోర్టు పంపాడు.

సాయంత్రం తిరుమల్ పిలిచాడు. మొహం మాత్రం చూడలేదు.

"తీసెయ్యమన్న గదా."

"ఔనండి."

"పరేషాన్ చేసినవ్ పో. ఇప్పుడు వాళ్ళు ఇంకో ఏడాది పని ఇస్తరట. ఆ రిపోర్టు రాసినోడే చూస్కోవాలెనట." కాగితం లాక్కుని సంతకం పెట్టాడు. "నాకు వేరే దారి లేదు."

సూరి ఇంటాయన్ని కలిసి, ఎస్టీడీ బూత్‌లోంచి బొబ్బిలికి ఫోను చేశాడు. వాటా దొరికిందని, వంటగదిలోకి పొద్దున ఎండ వస్తుందని చెప్పాడు. దేవిక అంతా వింది.

"అయితే ఏ బండెక్కమంటారు?" అంది.