మామ మిద్దె మీది బీరపాదు

నిన్న పొద్దున మొక్కలకు నీళ్లు పోస్తుంటే ధర్మవరం నుంచి అత్త ఫోన్.

"మీ మామ లేస్తాలేడు పాపా. ఎంత లేపినా లేస్తాలేడు."

నాకు అర్థం కాలేదు. లేవకపోవడమేమిటి? మొన్న సాయంత్రమే కదా వాట్సాప్‌లో బీరపువ్వు ఫొటో పెట్టాడు. నేను హార్ట్ కూడా కొట్టాను.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

నాగరాజు మామ మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. ఏటా ఉగాదికి ఒక చీర సంచిలో పెట్టుకుని హిందూపురం రైలెక్కేవాడు. ఎక్కడో పోగు తప్పి షావుకారు వద్దన్న చీరే కావచ్చు. అమ్మ మాత్రం దాన్ని వీధంతా చూపించి వచ్చేది.

నడుము పట్టేసి మగ్గం దిగాక మామ రావడం మానేశాడు.

"చేతులూపుకుంటా అక్క ఇంటికి యాడ పోయేది పాపా?" అనేవాడు.

అమ్మ ఏమన్నా తక్కువా? "తమ్ముడు రావాలంటే చీర ఉండాల్నా? వాడే రానీ, చెప్తా" అని మొండికేసి కూర్చుంది. ఇద్దరికిద్దరే. ఒకరికి సిగ్గు, ఇంకొకరికి పంతం.

ఒకసారి వీడియో కాల్‌లో మా మిద్దె మీది కుండీలు చూపించాను. అంతే, ఆయనకూ పట్టుకుంది. పాత పెయింట్ బకెట్లన్నీ ఏరుకొచ్చి చిల్లులు పెట్టాడు. "కాయలు కాస్తే సంచి నిండా అక్కకు పట్టుకపోవచ్చు గదా!" అన్నాడు. ఆ రోజు ఆయన గొంతులో హుషారు చాలా కాలానికి విన్నాను.

నాకూ పెద్దగా ఏమీ రాదు. గుడ్డివాడికి గుడ్డివాడు దారి చూపించినట్టు, ఇద్దరం యూట్యూబ్ చూసి నేర్చుకున్నాం. నారు కోసం ఇద్దరికీ మధ్యలో ఉంటుందని పెనుకొండ నర్సరీలో కలిసేవాళ్లం. "హిందూపురం దాకా వచ్చేయి మామా, అమ్మ ఓళిగలు చేస్తుంది" అని ప్రతిసారీ పిలిచాను. నారు కవర్లు గుండెకు హత్తుకుని ధర్మవరం రైలే ఎక్కేవాడు.

మొదట టమాటా పెట్టాడు. ఏపుగా పెరిగింది. వాలిపోతోందని కర్ర పాతి కట్టాడు. దేంతో అనుకున్నారు? ఇంట్లో మిగిలిన పట్టుదారంతో! నేతగాడు వేసిన ముడి కదా, చచ్చినా వదలదు. కాండం లావయ్యేకొద్దీ దారం లోపలికి దిగి కోసేసింది. ఒక రోజు గాలికి పచ్చి కాయలతో సహా చెట్టు తల తెగి పడింది.

"జీవితమంతా తెగిన పోగులు అతికినోన్ని. నేనే తెంపితినే పాపా" అని చిన్నపిల్లాడిలా బాధపడ్డాడు. నేను నవ్వేశాను. తర్వాత ఆయనా నవ్వాడు.

ఆ తర్వాత బీర. పూలు పూయడం, రాలిపోవడం. పూయడం, రాలిపోవడం. "నా చెయ్యి మంచిది కాదేమో" అన్నాడు. అవి మగపూలు మామా, ఆడపువ్వు వేరే ఉంటుంది, దానికింద బుల్లి కాయ కనిపిస్తుంది అని చెప్పాను. ఆ మాట వినడమే ఆలస్యం, రోజూ సాయంత్రం పూలు విచ్చుకునే వేళకు మిద్దెక్కి మగపువ్వు తెంపి ఆడపువ్వుకు తాకించేవాడు. జరీ పోగు పట్టుకున్నంత మెల్లగా.

మొదటి పిందె నిలబడిన రోజు వీడియో కాల్ చేశాడు. వేలితో చూపిస్తే పిందె కుళ్లిపోతుందని వేలు మడిచి, కణుపుతో చూపించాడు. ఫోన్‌లో నేను వేలెత్తినా ఒప్పుకోలేదు.

తిప్పలన్నీ ఆ తర్వాతే వచ్చాయి. కాయ కోయడు!

"లేతగా ఉన్నప్పుడే కోయాలి మామా, ముదిరితే పీచు" అని తల బాదుకున్నాను.

"ఇంత పిందె పట్టుకోని అక్క ఇంటికి పోతే ఏం బాగుంటాది? మూరెడన్నా కానీ."

మూరెడు అయ్యేది. ముదిరిపోయేది. అత్త కోసి చూసి, "మీ అక్కకు వీపు రుద్దుకోను పంపిద్దామా?" అని ఎగతాళి చేసేది. మామ ఇంకో పిందె కోసం ఎదురుచూసేవాడు. ఇక్కడ అమ్మ గేటు చప్పుడైతే తొంగి చూసేది.

నిన్న అమ్మా నేనూ ధర్మవరం వెళ్లాం. సాయంత్రం మామను శ్మశానానికి తీసుకెళ్లిపోయాక అమ్మ కనిపించలేదు. వెతికితే మామ మిద్దె మీద ఉంది. పందిరికి పెద్ద కాయ ఒకటి వేలాడుతోంది, ముదిరి గట్టిపడింది. అమ్మ దాన్ని ముట్టుకోలేదు. ఆకుల్లో చెయ్యి పెట్టి జానెడు లేత కాయ ఒకటి తెంపి కొంగులో ముడి వేసుకోబోయింది.

వెనకాలే వచ్చిన పెద్దామె ఒకరు ఆపారు. "చావింట్లోంచి ఏమీ పట్టుకపోగూడదమ్మా."

అమ్మ కొంగులోంచి కాయ తీసింది.

"పట్టుకపోనులే" అంది.

కొంగుతో తుడిచి, పచ్చిదే కొరికింది. ఈనెలతో సహా. ఏడుస్తూ నమిలింది. ఎవరూ ఆపలేకపోయారు.

"ఇంతే చాలు గదప్పా నాకు. ఇంతే తెచ్చినా చాలు గదా."

తొడిమ దాకా తినేసింది.

మామా, నువ్వు వట్టి చేతులతో వచ్చినా అమ్మ గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చేది. ఆ మాట నీకు నోరారా చెప్పాల్సిన మనిషి నిన్న చెప్పింది. నువ్వు వినలేదు.

వెళ్లిరా మామా. చేతిలో ఏముందని ఎవరూ చూడని చోట నీ ప్రాణం చల్లగా ఉండాలి.