చోడిపిండితో కొలిచిన ఇంజను

కొండ మీద బిడ్డకు చలిజ్వరం, కొండ కింద మీ చేతిలో క్వినైను సీసా. మధ్యలో ఘాటు రోడ్డు. ఎక్కుతారా, కూర్చుని ప్రార్థిస్తారా? మా బావ ఎక్కాడు. మా అక్క భర్త, మన మిషను మందుల మోటారు బండికి డ్రైవరూ మేస్త్రీ కూడా ఆయనే. మొన్న ఆదివారం సాలూరులో, తన షెడ్డులోనే, మధ్యాహ్నపు కునుకులో ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయాడు.

ఆ పాత మోటారుకు ఎత్తు ఎక్కే దమ్ముండేది కాదు. ఘాటు మొదట్లోనే మేమంతా దిగి, ఆగినచోట చక్రాల కింద పెట్టడానికి తలా ఒక రాయి పట్టుకుని వెనక నడిచేవాళ్ళం. అరకు వైపు పల్లెలు చేరేసరికి ఒక్కోసారి జ్వరమే గెలిచేది.

"పెట్రోలు ఆవిరిని ఇంకా ఇరుకులో పెట్టి నొక్కాలోయ్. ఇరుకైతేనే మంట గట్టిగా తన్నుతాది," అన్నాడు బావ ఒకనాడు. బైబిలుతోనే అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి, ఇరుకు ద్వారం గురించి ఊరూరా గొంతు చించుకునేవాణ్ణి, ఆ రోజు ఆయన ప్రసంగం విన్నాను.

సిలిండరు మీది ఇనుప మూత విప్పాడు; అది పలచబడితే లోపలి చోటు ఇరుకవుతుంది. మసి పూసిన అద్దం మీద దాన్ని ఆనించి, మసి అంటిన ఎత్తు చోటల్లా ఆకురాయితో అరగదీశాడు. బయట వాన, లోపల ఆ గరగర. రెండూ కలిసి జోలపాటలా ఉండేవి. మరీ అరిగితే వాల్వులు మూతకు కొట్టుకుంటాయి. అందుకని లోపల తడి చోడిపిండి, అదే రాగిపిండి, ముద్ద పెట్టి, మూత బిగించి, ఇంజను తిప్పే హ్యాండిల్ మెల్లగా తిప్పి, మళ్ళీ విప్పి, అణిగిన ముద్ద మందం చూసుకునేవాడు.

"అంబలికుంచిన పిండి ఇనుముకి తినిపిత్తన్నావేటి?" అని అక్క.

"తింటే కొండెక్కుతాది. నీ తమ్ముడిలాగ ఊరికే అరవదు!"

ఆ తర్వాతి ప్రయాణంలో అలవాటు చొప్పున దిగి రాళ్ళు ఎత్తుకున్నాం. మోటారు ఆగలేదు.

"బావా, ఆగు!"

"ఆగితే కొండ నవ్వుతాది. బేగి నడవండి!"

మబ్బు దిగివచ్చి మోటారును తనలో కలుపుకుంది. పైనుంచి చప్పుడొక్కటే వినిపించేది. చేతుల్లో రాళ్ళతో, ఆ తెలుపులో, ఆ చప్పుడు వెంట నడిచాం. పల్లె చేరేసరికి బావ ఒక పిల్లకు మందు మింగిస్తున్నాడు.

"రాళ్ళు తెచ్చారా? పొయ్యికి పనికొత్తాయి, దించండి."

ఆ రాళ్ళ పొయ్యి మీద కాచిన అంబలి తాగాకే ఆ పిల్ల లేచి కూర్చుంది.

ఇప్పుడు ఇంజను చల్లబడి ఉంది. కొండ మీద మళ్ళీ జ్వరాలని నిన్ననే కబురు వచ్చింది. హ్యాండిల్ తిప్పడం బావ దగ్గర నేర్చినవాళ్ళు మీలో ఉన్నారు, నాకు తెలుసు. మబ్బు పైన ఆ పొయ్యి దగ్గర ఎవరో మోటారు చప్పుడు కోసం చెవి ఒగ్గి కూర్చున్నారు. రేపు అనకండి. ఇవాళే లేవండి, షెడ్డు తలుపు తియ్యండి!