గుంపు చూసే వైపు

"జేబులు పైలం! ఫోన్లు పైలం!" ఇబ్రహీంపట్నం బస్టాండులో కండక్టరక్క కేక వినబడగానే నా చేయి హ్యాండ్‌బ్యాగు మీదికి పోతుంది, మనసు సుగుణ మేడం మీదికి పోతుంది. రెండోదానికి నా అనుమతి అక్కర్లేదు.

డిగ్రీలో మాకు చరిత్ర చెప్పిన మేడం పద్దెనిమిదో శతాబ్దపు లండన్ గుంపుల్లోకి దూరారంటే బయటికి వచ్చేవారు కాదు. అప్పటి ఆడవాళ్ల జేబు బట్టకు కుట్టింది కాదట. మా అవ్వ బొడ్లో దోపుకునే సంచిలాంటిదే, నడుముకు కట్టుకునేవారట. దొంగలు ఆ తాడే కోసేవారట. జేబుదొంగను ఉరి తీస్తుంటే చూడవచ్చిన జనం జేబులు కూడా అక్కడే పోయేవట. "గుంపు ఉరికంబం దిక్కు చూస్తది, దొంగ గుంపు దిక్కు చూస్తడు" అంటూ మురిసిపోయేవారు. ఫ్రెంచి విప్లవం మిగిలిపోయిందని మేము మొత్తుకునేవాళ్లం. జేబులు కొట్టేవాళ్ల పేరుతో మా పీరియడ్లన్నీ కొట్టేశారామె. నా మార్కుల్లో ఆ విప్లవం రానేలేదు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం ఇదే బస్టాండులో మేడం, నేను బస్సెక్కే తోపులాటలో ఉండగా నా కొత్త ఫోను పోయింది. నా కేక పూర్తి కాకముందే జనం నా వెనకున్న మనిషి కాలరు పట్టుకున్నారు. సిమెంటు మరకల చొక్కా, చేతిలో టిఫిన్ డబ్బా. మొదటి దెబ్బకే డబ్బా దొర్లింది. మేడం పోయి అతనికి అడ్డంగా నిలబడ్డారు.

"ఈయన తీస్తుంటె ఎవరన్న చూసిన్రా?"

"చూసుడెందుకు మేడం? మొకం చూస్తె తెల్వదా?" అన్నాడు కాలరు పట్టుకున్నాయన.

"నీ మొకం చూస్తె నాకేం తెలుస్తలేదన్నా. నిన్నెట్ల నమ్మాలె?" అని నా వైపు తిరిగారు. "నీ ఫోనే గదా. నువ్వు చూసినవా?"

"లేదు మేడం."

"గట్టిగ చెప్పు. అందరికి ఇనబడాలె."

ఫోను పోయింది, బస్సు పోతోంది, ఈమె ఇక్కడ కూడా నోటిపరీక్ష పెడుతోంది! ఒళ్లు మండి అరిచాను: "నేను చూడలే! ఎవ్వరు చూడలే!"

కాలరు మీది చేయి జారింది. అతను పెదవి తుడుచుకుని, డబ్బా ఏరుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

తరువాతి బస్సులో మేడం సంచిలో చేయి పెట్టి ఆగిపోయారు. పర్సు లేదు.

"అన్నీ తెలిసిన మీది కూడానా మేడం!"

"నేను గూడ అటే చూసిన గదా" అని పకపకా నవ్వారు. ఆమె ఆధార్ పర్సులో, నాది ఫోనులో. ఆధార్ చూపిస్తేనే ఆడవాళ్లకు ఉచితమైన బస్సులో కండక్టరక్కను బతిమాలుకుని కూర్చున్నాం.

నా ఫోను మళ్లీ కనబడలేదు. ఇప్పుడు ఆదిభట్లలో మా ఆఫీసులో ఎవరి వస్తువు పోయినా చూపులన్నీ ఊడ్చే అక్క వైపు తిరుగుతాయి. నేను ముందు నా బ్యాగు తడుముకుంటాను. ఆ తరువాత లేచి, "ఎవరన్న చూసిన్రా?" అంటాను. చూడలేదని గొణిగినవాళ్ల చేత ఆ మాటే గట్టిగా చెప్పిస్తాను. ఒకప్పుడు నేను మేడం మీద విసుక్కున్నంత శ్రద్ధగా మా టీం వాళ్లు నా మీద విసుక్కుంటారు.