గులాబి రంగు స్కీలు

దగ్గరగా జరిగి కూర్చోండి, ఇది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అమెరికాలో బాతెల్ అనే ఊళ్ళో మా అమ్మాయి వాళ్ళ పై అపార్ట్‌మెంట్‌లో ఒక తెలుగు పిల్ల ఉండేది. మంచు మీద జారడానికి కాళ్ళకి కట్టుకునే పొడుగాటి పలకలుంటాయే, స్కీలు, అవి చేసే కంపెనీలో ఇంజనీరు. ఏ వస్తువు చేతికి దొరికినా రెండు కొసలూ పట్టుకుని వంచి చూసేది. నా అట్లకాడనూ వదల్లేదు.

"ఎంత బరువుకి వంగుతుందో చూడాలి ఆంటీ," అనేది.

ఆడవాళ్ళ కోసమని ఆ పిల్ల కొత్త స్కీ ఒకటి తయారుచేసింది. తేలికపాటి మనిషి తొక్కినా మలుపులో వంగేలా లోపలి చెక్కను పలచన చేసి, బరువులు వేలాడదీసి ఏడాది పొడుగునా పరీక్షించింది. ఒక సాయంత్రం మొహం మాడ్చుకుని వచ్చింది.

"నా డిజైన్ వద్దన్నారు ఆంటీ. మగవాళ్ళ స్కీనే పొట్టిగా చేసి గులాబి రంగు వేస్తారట. కొండ మీద ఒకావిడ రెండూ ట్రై చేసింది. నాదాని మీద చక్కగా తిరిగింది, వాళ్ళదాని మీద పడింది. ఆవిడకే స్కీయింగ్ రాదని మేనేజర్ తేల్చేశాడు."

"మగాడి చొక్కా చేతులు కత్తిరిస్తే రవికైపోతుందటే?" అన్నాను.

ఆ పిల్ల నవ్వలేదు. "ఆడవాళ్ళకి సరిపోతాయని రేపు నన్నే సైన్ చేయమన్నారు. చేయను."

"ఉద్యోగం పోతే వీసా ఏమవుతుందే?"

"ఎవరి మోకాలైనా విరిగితే ఆంటీ?"

సంతకం పెట్టలేదు. నెల తిరక్కుండా ఉద్యోగంలోంచి పంపేశారు. ఆ చలికాలమే దుకాణం అద్దంలో గులాబి స్కీలు నిలబెట్టారు. ఆడవాళ్ళ కోసమే చేసినవని బోర్డు కూడానట, మా అమ్మాయి చదివి చెప్పింది.

మీ ఇంటి ఆడపిల్ల ఎక్కడైనా పడితే, ముందు తన కాళ్ళకింద ఏం పెట్టారో చూసే మనుషులు చుట్టూ ఉండాలి. మీ ఇల్లు చల్లగా ఉండాలి.